క్యాసెట్ తిప్పేలోపు

మా చిన్నప్పుడు చూసిన సినిమాలకన్నా విన్న సినిమాలు ఎక్కువ. ఆదివారం మధ్యాహ్నం అన్నాలు తిన్నాక వాకిట్లో వేపచెట్టు నీడలోకి మంచాలు లాక్కుని రేడియో పెట్టుకుంటే, రెండున్నర గంటల సినిమాని గంటకి కుదించి మాటలూ పాటలూ వినిపించేవాళ్ళు. బొమ్మ మనమే వేసుకోవాలి. నేను కళ్ళు మూసుకుని వేసుకునేదాన్ని. మా అక్క కళ్ళు తెరిచే ఉంచి, ఎదురుగా ఉన్న గొడ్లచావిడి గోడమీద వేసుకునేది. ఇద్దరం ఒకే మంచం మీద పడుకుని చెరొక సినిమా చూసేవాళ్ళం.

అలా విన్నవాటిలో ఒకటి మా ఇంట్లోనే ఉండిపోయింది. మా అమ్మ పరికిణీలు కట్టే రోజుల్లో తీసిన సినిమా అది. జమీందారు ఇల్లు, గుర్రబ్బండి, గ్రామఫోను, ఇద్దరు అక్కచెల్లెళ్ళు. వాళ్ళకి సంగీతం నేర్పడానికి పట్నం నుంచి ఒక కుర్ర మాస్టారు వస్తాడు. ఇద్దరూ ఆయన మీదే మనసు పడతారు. ఇక చూడండి, అక్క కలిపిన కాఫీలో చెల్లెలు ఉప్పు వేయడం, చెల్లెలి కొత్త చెప్పులు అక్క బావిలో పడేయడం, ఒకళ్ళు రాగం తీస్తుంటే ఇంకొకళ్ళు దగ్గడం, ఏమీ తెలియని మాస్టారు మధ్యలో కూర్చుని హార్మోనియం వాయించుకోవడం. ఏడుపొచ్చినా పాటలోనే ఏడుస్తారు. నవ్వి నవ్వి మాకు డొక్కలు నొప్పి పుట్టేవి.

అది మా ఇంట్లో ఉండిపోవడానికి కారణం మా బావ. మేనమామ కొడుకు. వాళ్ళది పెదకాకాని దగ్గర పల్లె. మామయ్య కొన్న టేపురికార్డరుని చంకలో పెట్టుకుని బావ మా ఊరు వచ్చాడు. రేడియో ముందు దాన్ని నిలబెట్టి, ఎవరూ నోరు మెదపొద్దని అందరికీ చెప్పి, రెండు మీటలు కలిపి నొక్కాడు. మేం మెదపలేదు. కోడికి చెప్పలేదు కదా. ఆ కోడి కూతా, పెరట్లో కారం దంచుతున్న అమ్మ తుమ్ములూ సినిమాలోకి ఎక్కేశాయి. పెద్దమ్మాయి పాట విని మాస్టారు మొదటిసారి శభాష్ అనే చోట మా అమ్మ రెండుసార్లు తుమ్ముతుంది. తర్వాత్తర్వాత మేం ఆ పాట పాడుకునేటప్పుడు ఆ తుమ్ములతో సహా పాడేవాళ్ళం.

అంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటి జరిగింది. క్యాసెట్‌కి ఒక్కో వైపు అరగంట. ఆ అరగంట అయ్యేసరికి బావ టేపురికార్డరు పక్కనే చెయ్యి తలకింద పెట్టుకుని నిద్రపోయాడు. సినిమా అంత బాగుంది కాబట్టే నిద్ర పట్టిందని ఇప్పటికీ వాదిస్తాడు. మీట టక్‌మని పైకి లేచేసరికి అక్క కుదిపి లేపింది. బావ కంగారుగా క్యాసెట్ తీసి, తిప్పబోయి మళ్ళీ అదే వైపు పెట్టి, మళ్ళీ తీసి కింద పడేశాడు. మేమందరం మీద పడి తిట్టాం. ఆ గొడవలో రేడియో ఏం చెప్పిందో ఎవరం వినలేదు. అన్నీ సర్దుకుని మీటలు నొక్కేసరికి మూడో నాలుగో నిమిషాల సినిమా గాలిలో కలిసిపోయింది.

మొదటి వైపు చివర పెద్దమ్మాయి మాస్టారితో, రేపు సాయంత్రం తోటలోకి రండి, నా మనసులో మాట చెబుతాను అంటుంది. అక్కడ ఆగిపోతుంది. రెండో వైపు మొదలవడమే దబ్బుమని ఏదో పడ్డ చప్పుడు, వెనకాలే గొల్లున నవ్వులు. ఆ తర్వాత చిన్నమ్మాయికీ మాస్టారికీ పెళ్ళి పనులు. తోటలో పెద్దమ్మాయి ఏం చెప్పింది, ఆ పడిందేమిటి అన్నది మాకు తెలియదు. తెలిసినవాళ్ళు మా ఊళ్ళో ఎవరూ లేరు.

మాఘమాసం నుంచి ఉగాది దాటేదాకా మా కాపురం సగం కల్లంలోనే. ఊరి బయట చదును చేసిన నేలమీద మిరపకాయలు ఆరబోసేవాళ్ళం. ఎటు చూసినా ఎరుపు. మధ్యాహ్నం ఎండకి ఆ ఎరుపు మీద గాలి వణికేది. అవతలి గట్టున నడిచే మనుషులు నీళ్ళ అడుగున నడుస్తున్నట్టు కనిపించేవాళ్ళు. తాటాకు పందిరి కింద పదిహేను మంది ఆడవాళ్ళు బారుగా కూర్చుని, రంగుపోయిన తాలు కాయలు ఏరి పక్కకి వేసేవాళ్ళు. బావ ఏటా ఆ రోజులకి వచ్చి, కాళ్ళు ఈడ్చుకుంటూ కాయల్లో అటూ ఇటూ నడిచి వాటిని తిరగేసేవాడు. తను నడిచిన వెంట చాళ్ళు పడేవి. నేను పందిట్లో కూర్చుని ఆ చాళ్ళు చూస్తూ ఉండేదాన్ని. ఒక్కోసారి నేను ఏరినవాటిలో తాలుకన్నా మంచి కాయలే ఎక్కువ ఉండేవి.

చేతులకి పని ఉన్నా చెవులకి పని లేదు కాబట్టి టేపురికార్డరు కల్లానికి వచ్చింది. బ్యాటరీలు నీరసించగానే మాస్టారి గొంతు బొంగురుపోయి, పాట సాగి సాగి ఆగిపోయేది. ఆడవాళ్ళు ఊరుకునేవాళ్ళు కాదు. మిగతాది మీరు చెప్పండి అనేవాళ్ళు. అలా మొదలైంది మా నాటకం. అక్క పెద్దమ్మాయి, నేను చిన్నమ్మాయి, బావ మాస్టారు. మాస్టారి మాటలన్నీ బావకి పొల్లు పోకుండా వచ్చు. క్యాసెట్‌లో మాస్టారు గొంతు సవరించుకుంటే బావా సవరించుకునేవాడు. సొంతంగా ఒక్క మాట కలపమంటే మాత్రం చెవులు ఎర్రబడేవి.

ఆ ఖాళీ దగ్గరికి వచ్చేసరికి పెత్తనం మా ఇద్దరిదీ. ఏ ఏటికా ఏడు తోటలో ఏం జరిగిందో మేమే పుట్టించాలి. ఒక ఏడు పెద్దమ్మాయిని తేలు కుట్టించాను. ఇంకో ఏడు కాశీకి పంపేశాను. అక్క ఊరుకుంటుందా, చిన్నమ్మాయి పరీక్ష తప్పిందని చెప్పి గదిలో పెట్టి గొళ్ళెం వేసింది. బావ మా ఇద్దరి మధ్యా ఊరికే నిలబడేవాడు. ఖాళీ అయిపోయిందనడానికి గుర్తు ఆ దబ్బుమనే చప్పుడు. ఏదో ఒకటి కింద పడేసి ఆ చప్పుడు చేయడం చిన్నమ్మాయిగా నా పని. బిందె పడేశాను, నిచ్చెన పడేశాను, ఒకసారి నేనే పడ్డాను.

చివర్న తీర్పు చెప్పడానికి ఒక పెద్దామె ఉండేది. మా ఊరి పేటలో, చర్చిలో పాట ఎత్తుకునేది ఆమే, కల్లంలో ఆడవాళ్ళని నడిపించేదీ ఆమే. మా ఇద్దరి కల్పనలూ విని, చేతిలో కాయ వదలకుండానే చెప్పేది.

"ఈ ఏడు మాస్టారు పెద్దమ్మాయికే. ఆ క్యాసెట్టుకి న్యాయం తెలవదు."

అందరూ నవ్వేవాళ్ళు. ఆ నవ్వులో ఆట మాత్రమే లేదు. మేనరికం లెక్కన బావ మాకిద్దరికీ వరసే. పెద్దది ఉండగా చిన్నదాని మాట ఎవరూ ఎత్తరు కాబట్టి, బావ అక్కవాడేనని మా రెండిళ్ళూ ఎప్పుడో అనేసుకున్నాయి. ఎవరూ ఎవరినీ అడిగింది లేదు. అమ్మ బావకి అన్నం అక్క చేతే పెట్టించేది. పెరుగు నేను తీసుకెళ్తే, అక్కకివ్వు అనేది. నాకు కడుపు మండేది. బావంటే నాకు ఇష్టం. ఈ వయసులో చెప్పుకోవడానికి సిగ్గెందుకు. కళ్ళు మూసుకుని నేను వేసుకున్న సినిమాలో మాస్టారికి మొదటి నుంచీ బావ మొహమే.

ఇప్పుడు నాకు యాభై ఎనిమిది. బావని పెళ్ళి చేసుకుని ముప్ఫై ఏడేళ్ళయింది. ఈ ముప్ఫై ఏడేళ్ళూ నా మనసులో ఒకటే ముల్లు. అక్క బావని నిజంగానే వద్దనుకుందా, లేక నా మొహం చూసి నాకు వదిలేసిందా. అక్కని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. వదిలేశానే అంటే ఏం చేయను, తీసుకెళ్ళి తిరిగి ఇస్తానా.

ఆ ముల్లు దిగింది ఆ కల్లంలోనే, ఆ ఖాళీలోనే. అక్కకి ఇరవై, నాకు పద్దెనిమిది, బావకి ఇరవై మూడు. మేం ఆడిన ఆఖరి నాటకం అదే. తోట ఘట్టం రాగానే అక్క లేచి నిలబడింది. ఆ ఏడు తేళ్ళూ లేవు, కాశీ లేదు. చేతిలో ఒక మిరపకాయ పట్టుకుని, దాని తొడిమ తిప్పుతూ, బావ మొహంలోకి చూసి మామూలు గొంతుతో అంది.

"నాకు మీరొద్దండి. చెల్లాయిని చేసుకోండి."

పందిరి కింద చేతులు ఆగిపోయాయి. పెద్దామె తలెత్తి చూసింది. బావ అలాగే నిలబడ్డాడు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. ఎండ, ఆ ఎరుపు, ఎక్కడో రోడ్డు మీద లారీ హారన్, అంతే. ఆ నిశ్శబ్దం ఎంతసేపు ఉందో నాకు తెలియదు. గట్టిగా చూస్తే మనిషి రెండుసార్లు ఊపిరి పీల్చుకునేంత. బావ ఏదో అంటాడని నాకు భయమేసింది. ఏమంటాడో తెలియదు, ఏదన్నా సరే, అక్క వెనక్కి తీసుకుంటుందని భయం. తాలు కాయల బుట్ట ఎత్తి దబ్బుమని నేలకేసి కొట్టాను. కాయలు చెల్లాచెదురయ్యాయి. అందరూ గొల్లున నవ్వారు. ఖాళీ అయిపోయింది.

ఆ సాయంత్రమే అక్క అమ్మతో, నాకు మేనరికం వద్దు, గుంటూరు వెళ్ళి టీచరు ట్రైనింగ్ చేస్తాను అని చెప్పేసింది. మామయ్య అలిగాడు, అమ్మ రెండు రోజులు అన్నం తినలేదు. తర్వాత అన్నీ మామూలే. ట్రైనింగ్ అయ్యాక అక్కకి చిలకలూరిపేట సంబంధం కుదిరింది. లెక్కలు చెప్పే మాస్టారు. ఏదీ ఊరికే వదలడు. కూరలో ఉప్పు తగ్గితే ఎందుకు తగ్గిందో కనుక్కుంటాడు. పెళ్ళిచూపుల్లో అక్కని, టీచరు ఉద్యోగం ఎందుకు చేయాలనుకుంటున్నారు అని అడిగాడు. అక్క అరగంట చెప్పింది. కాఫీలు చల్లారిపోయాయి. ఇదేం పెళ్ళిచూపులని నేను లోపల విసుక్కున్నాను. అక్క మాత్రం అక్కడికక్కడే ఒప్పుకుంది. మరుసటి ఏడు బావకీ నాకూ పెళ్ళయింది. నాటకం మళ్ళీ ఎవరూ ఆడలేదు. క్యాసెట్ ఏమైందో కూడా తెలియదు.

మొన్న సంక్రాంతి దాటాక ఒక మధ్యాహ్నం, పప్పు పొయ్యి మీద పెట్టి ఫోను చూసుకుంటుంటే, ఎందుకో ఆ సినిమాలో మాట ఒకటి గుర్తొచ్చి ఫోనుకి చెప్పాను. సినిమా మొత్తం వచ్చి నా ముందు కూర్చుంది. పేర్లు పడుతున్నాయి. వెంటనే ఆపేశాను. పప్పు మాడింది. ఒక్కదాన్నే చూడటానికి మనసు రాలేదు. ఆ తోటలో ఏముందో తెలుసుకోవాలని ఉంది, తెలుసుకోవాలంటే భయంగానూ ఉంది. అక్కతో కలిసి చూద్దామని దాచుకున్నాను.

ఈలోపు అక్కకి శుక్లాల ఆపరేషన్ అయింది. సాయం చేద్దామని బస్సెక్కి చిలకలూరిపేట వెళ్ళాను. వాళ్ళిల్లు జిన్నింగ్ మిల్లు వెనక సందులో. పత్తి రోజులు కాబట్టి కిటికీ గ్రిల్లుకీ దండేనికీ సన్నటి దూది పట్టుకుని ఉంది. అక్క నల్లద్దాలు పెట్టుకుని మంచం మీద పడుకుంది. టీవీ, ఫోను చూడకూడదు, వంగకూడదు, కళ్ళు నలపకూడదు. గంట గంటకీ చుక్కలు. ఫోనులో అలారం పెట్టుకుని అక్కవాళ్ళాయన తనే వేస్తున్నాడు.

మూడో రోజు మధ్యాహ్నం సినిమా సంగతి చెప్పాను. నీ కళ్ళు బాగయ్యాక చూద్దాంలే అన్నాను.

"మనం దాన్ని ఎప్పుడు చూశాం గనక," అంది అక్క. "పెట్టు. నేను వింటాను. నువ్వు చూసి చెప్పు."

పక్కనే పడుకున్నాను, చిన్నప్పటిలాగే. ఫోను నా గుండెమీద. మొదటి దెబ్బ మాస్టారే కొట్టాడు. కుదుమట్టంగా, బుగ్గలేసుకుని, నెత్తిమీద గిరజాల జుట్టు టోపీలా పెట్టుకుని గుర్రబ్బండి దిగాడు.

"ఎలా ఉన్నాడే?"

"పొడుగ్గా ఉన్నాడు."

"అబద్ధం. నీ గొంతు నాకు తెలియదా."

"మనకన్నా పొట్టి," అన్నాను. అక్క కళ్ళు కదలకుండా బుగ్గలు రెండూ పట్టుకుని నవ్వింది. చీరలన్నీ బూడిద రంగే. ఇన్నేళ్ళూ నేను చిన్నమ్మాయికి ఎర్ర చీర కట్టాను. అక్కనడిగితే తను పెద్దమ్మాయికి ఆకుపచ్చ కట్టానంది. మాస్టారు శభాష్ అనే చోటు వచ్చింది. అక్కడ అమ్మ తుమ్మలేదు. ఇద్దరం ఊపిరి బిగబట్టి ఎదురుచూశాం. పాట సాఫీగా వెళ్ళిపోయింది. అమ్మ పోయి తొమ్మిదేళ్ళు. ఆ రెండు తుమ్ములూ లేకపోతే ఆ పాట నాకు ఎవరిదో పాటలా అనిపించింది.

బయట మిల్లు రొద ఒకే శ్రుతిలో సాగుతోంది. ఎండ పట్టీలు మంచం మీదికి పాకాయి. ఒక దూదిపింజ వచ్చి అక్క నల్లద్దాల మీద వాలితే నేను తీసేశాను. మంచం కింద ఎర్రగా మిరపకాయలు ఉన్నట్టూ, లేచి కాలు పెడితే చాళ్ళు పడతాయన్నట్టూ ఉంది నాకు. రేపు సాయంత్రం తోటలోకి రండి, అంది పెద్దమ్మాయి. టక్‌మని ఏమీ ఆగలేదు. నలభై ఏళ్ళ తర్వాత సినిమా ముందుకి నడిచింది.

మల్లెపందిరి. పెద్దమ్మాయి నిలబడి ఉంది. మాస్టారు వచ్చాడు. ఆమె ఆయన మొహంలోకి చూసి అంది.

"మీరు నాకు వద్దు. మా చెల్లెల్ని చేసుకోండి."

దాదాపు అక్క అన్న మాటలే. అక్కకి ఎలా తెలుసు. తెలియదు. ఎవరైనా ఆ చోట ఆ మాటే అంటారేమో.

మాస్టారు అడిగాడు. "ఎందుకు?"

అక్క చెయ్యి లేపింది. "ఆపు."

ఆపాను. మాస్టారు నోరు సగం తెరుచుకుని ఆగిపోయాడు.

"అడిగాడే," అంది అక్క.

"ఏంటక్కా?"

"ఎందుకు అని అడిగాడు." నల్లద్దాలు పైకప్పు వైపే ఉంచి, నెమ్మదిగా చెప్పింది. "ఆ రోజు నేను వద్దన్నది బావ ఎందుకని అడుగుతాడేమో చూద్దామని. ఒక్క మాట చాలు నాకు. అప్పటిదాకా నన్నెవరు అడిగారు? అమ్మ ఇచ్చేసింది, మామయ్య పుచ్చేసుకున్నాడు. బావకీ నేను అన్నం పెట్టే మనిషినే. ఎందుకు అంటే చెప్పేదాన్ని, నువ్వు నన్ను ఒక్కసారి అడగొచ్చు కదా అని. చూశాను. చూస్తూ ఉండగానే బుట్ట పడింది."

అక్క త్యాగం చేసిందేమోనని ఇన్నేళ్ళూ భయపడ్డాను. త్యాగమైతే ఎలాగోలా చేతులు జోడించి ఊరుకునేదాన్ని. అక్క త్యాగమూ చేయలేదు, వద్దనీ అనుకోలేదు. ఎదురుచూసింది. ఆ ఎదురుచూపు మీద బుట్ట ఎత్తి కొట్టింది నేను.

"ఆ బుట్ట నేను కావాలనే పడేశానక్కా," అన్నాను. నా గొంతు నాకే చిన్నపిల్ల గొంతులా వినపడింది.

"తెలుసులే. నీ చేతిలోంచి ఏదీ ఊరికే జారదు."

"బాధపడ్డావా?"

"పడ్డాను. ట్రైనింగ్‌లో మొదటి నెల అన్నం సయించలేదు. తర్వాత సయించింది." నా చెయ్యి వెతుక్కుని పట్టుకుంది. "ఏడవకు. మిగతాది పెట్టు. ఆ పడిందేంటో చూద్దాం."

పెట్టాను. పెద్దమ్మాయి జవాబు పాటలో చెప్పింది. మేం ఎప్పుడూ వినని పాట. మీరు నా పాట విన్నారు గానీ నన్ను వినలేదు అని దాని భావం. ఆ పాట అయ్యేదాకా అక్క నా చెయ్యి వదల్లేదు. పాట ఆఖర్న కొమ్మ విరిగి దబ్బుమని చప్పుడు.

"ఏం పడిందే?"

"నేనే," అన్నాను. "జామచెట్టెక్కి మీ మాటలు వింటున్నాను."

అక్క పొట్ట పట్టుకుని నవ్వింది. నేను కూడా నవ్వాను, కాని నాకు పూర్తిగా నవ్వు రాలేదు.

మర్నాడు పొద్దున బావ మోటారు సైకిల్ మీద నన్ను తీసుకెళ్ళడానికి వచ్చాడు. గోంగూర కట్టలూ, రెండు సొరకాయలూ తెచ్చాడు. వరండాలో కూర్చోబెట్టి నేను టిఫిన్ పెట్టాను. అక్క గోడ పట్టుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చుంది. మా పెళ్ళితో మరదలు కాస్తా వదినయింది కాబట్టి, తనకన్నా చిన్నదైనా బావ అక్కని వదినా అనే పిలుస్తాడు. ఏడిపించడానికి మొదలుపెట్టాడు, అదే స్థిరపడిపోయింది.

"చూపు ఎలా ఉంది వదినా?"

"ఇంకా అద్దాలు తీయనివ్వలేదుగా. బావా, ఒకటి అడుగుతాను," అంది అక్క. "మన కల్లంలో ఆఖరిసారి నాటకం ఆడినప్పుడు, నాకు మీరొద్దు అన్నాను. గుర్తుందా?"

నా చేతిలో చట్నీ గిన్నె అలాగే ఉండిపోయింది.

బావ ఇడ్లీ ముక్క చేతిలోనే పెట్టుకుని ఆలోచించాడు. "గుర్తుంది. ఇది బుట్ట పడేసింది."

"నువ్వు ఎందుకని అడగలేదేం?"

బావ అక్క వంక చూశాడు, నా వంక చూశాడు. దాచుకోవడానికి ఏమీ లేని మొహం. ఆ మొహమే నేను ముప్ఫై ఏడేళ్ళుగా చూస్తున్నది.

"అక్కడ నాకు మాటల్లేవుగా వదినా," అన్నాడు. "క్యాసెట్‌లో లేదు."

అక్క పెదాలు వణికాయి. ఏడుస్తుందనుకున్నాను. ముందు ముక్కులోంచి చిన్న చప్పుడు వచ్చింది, తర్వాత భుజాలు ఊగడం మొదలైంది, తర్వాత వీధిలోకి వినిపించేలా నవ్వింది. క్యాసెట్‌లో లేదంట, క్యాసెట్‌లో లేదంట అని మళ్ళీ మళ్ళీ అంటూ నవ్వింది. నాకూ తన్నుకొచ్చింది. బావకి ఏమీ అర్థం కాలేదు, మేం నవ్వుతున్నామని తనూ నవ్వాడు. ఆ క్యాసెట్ తిప్పుతూ ఆ చోటు పోగొట్టింది తనేనని మేమెవరం గుర్తు చేయలేదు.

నవ్వుతూ నవ్వుతూ ఉండగా నల్లద్దాల కిందినుంచి అక్క బుగ్గలమీదికి నీళ్ళు కారాయి. ఆగలేదు. అక్క చేతులు గబుక్కున కళ్ళ దగ్గరికి వెళ్ళబోయాయి. గిన్నె కింద పెట్టేసి రెండు చేతులూ పట్టుకున్నాను.

"నలపకూడదక్కా."

"వదలవే."

"వదలను," అన్నాను. నా పైటచెంగుతో బుగ్గలు మాత్రం అద్దాను. నీళ్ళు వస్తూనే ఉన్నాయి. అవి నవ్వు నీళ్ళో కావో నేను అడగలేదు. నేను పట్టుకున్న చేతులు ఒకప్పుడు మిరపకాయ తొడిమ తిప్పిన చేతులు. వాటిని అప్పుడు పట్టుకోలేదు, ఇప్పుడు పట్టుకున్నాను. ఈసారి ఏదీ కింద పడేయకుండా, అక్క ఊపిరి కుదుటపడేదాకా అలాగే నిలబడ్డాను.

లోపల అలారం మోగింది. అక్కవాళ్ళాయన చుక్కల సీసా పట్టుకుని వరండాలోకి వచ్చి, గడపలో ఆగి, ముగ్గురినీ చూసి, అక్క చెంపలు చూశాడు.

"ఎందుకు?" అన్నాడు.

అక్క ఆయన గొంతు వచ్చిన వైపు మొహం తిప్పింది. నా చేతుల్లోంచి ఒక చెయ్యి విడిపించుకుని పక్కనున్న కుర్చీ తడిమి చూపించింది.

"కూర్చోండి," అంది, "చెబుతాను."